మా పెరటి డ్రాగను పండు



తెనాలిలోని మా యింటికి వచ్చువారు పెరటి వాకిలి దాటగానే ఒక్క క్షణము నిలిచిపోవుదురు. "ఇదేమి చెట్టమ్మా? జెముడువలె నున్నది. దీనికి నిజముగా పండ్లు కాయునా?" అని యడుగుదురు. అందఱకును వేర్వేఱుగా సమాధానము చెప్పుటకంటె, ఒక్కమాఱు వివరముగా వ్రాసిపెట్టుట మేలని తోచినది. పెంచు విధమును, తిను విధమును మాత్రమే వ్రాసినచో మా పని సుఖముగా ముగియును. కాని యీ పండును గూర్చి మేము పదిమందికి చెప్పిన మాట యొకటి సత్యము కాదు. ఆ మాటను నమ్ముటచేత మా యింటి పిల్లవాని ప్రాణమునకే ముప్పు రాబోయినది. దానిని దాచి, పానీయము చేయు పద్ధతిని మాత్రము మీకు చెప్పుట న్యాయము గాదు. కావున తీపిని, చేదును రెండింటిని వరుసగా విన్నవించెదము.

2019వ సంవత్సరము శ్రావణమాసములో మా చెల్లెలి కుమార్తె బాపట్లనుండి వచ్చినది. ఆమె యప్పుడు అక్కడి వ్యవసాయ కళాశాలలో చదువుచుండెను. 1945వ సంవత్సరమున నెలకొల్పబడిన యా కళాశాల మన ప్రాంతపు వారి కందఱకు తెలిసినదే. తడిగుడ్డలో చుట్టిన నాలుగు కొమ్మలను సంచిలోనుండి తీసి, "పెద్దమ్మా! ఇవి డ్రాగన్ ఫ్రూట్ కొమ్మలు. స్నేహితురాలి యింట నడిగి తెచ్చితిని. నీకు క్రొత్త మొక్కలన్న నిష్టము గదా!" అని మా చేతిలో పెట్టినది. అవి మూడు పలకలు గల పచ్చని కాడలు. పలకల యంచున నక్కడక్కడ చిన్న ముండ్లు. ఆకు పేరునకైన లేదు.

మా అత్తగారు వానిని చూచి ముఖము చిట్లించిరి. "ముండ్ల మొక్కను ఇంటిలో పెట్టుట మన యింటా వంటా లేదు. జెముడును చేనికి కంచెగా వేయుదురు గాని, తులసికోట ప్రక్కన పెంచుదురటమ్మా? అందును పరదేశపు జెముడు!" అనిరి.

ఆమె మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఈ మొక్క మన నాగజెముడునకు దగ్గఱి చుట్టమే. మా పుట్టినిల్లు బాపట్ల. చిన్నతనమున ఇసుక దారుల వెంట నాగజెముడు పండ్లను కఱ్ఱతో రాల్చి, నూగు ముండ్లను ఇసుకలో రాచి తిని, నాలుకలు ఎఱ్ఱగా చేసికొని యింటికి వచ్చి తిట్లు తినినవారమే. డ్రాగను మొక్క పుట్టినచోటు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. అక్కడ నది పెద్ద చెట్ల మ్రాకులను గాలివేళ్ళతో పట్టుకొని పైకి ప్రాకును. 19వ శతాబ్దమున ఫ్రెంచివారు దీనిని వియత్నామునకు తెచ్చిరి. నేడు ఆ దేశము ఈ పండును లోకమంతటికి ఎగుమతి చేయుచున్నది. మన దేశములో గుజరాతు ప్రభుత్వము 2021వ సంవత్సరమున దీనికి 'కమలము' అని పేరు పెట్టినది. విచ్చిన తామరవలె నుండుటయే యందులకు కారణము. అయినను మన యంగళ్ళలో అందఱు డ్రాగను పండనియే పిలుచుచున్నారు.

మేము అత్తగారితో, "పరదేశపు మొక్క యని త్రోసివేసినచో, మన గుంటూరు మిరపకాయ ఎక్కడిది? జామ, బొప్పాయి, సీతాఫలము ఎక్కడివి? బాపట్ల జీడిమామిడి ఎక్కడిది? ఇవన్నియు అమెరికా ఖండమునుండి ఓడలలో వచ్చినవే గదా! వానిని వెడలగొట్టినచో మన పచ్చళ్ళలో కారమే యుండదు" అంటిమి. ఆమె నవ్వి, "సరే, మీ సరదా తీర్చుకొనుడు. తులసికోట దగ్గఱ మాత్రము వద్దు, వెనుక గోడప్రక్కను పెట్టుడు" అని సెలవిచ్చిరి.

మొదటి ప్రయత్నము చెడిపోయినది. నాలుగు కొమ్మలలో రెండింటిని తెచ్చిన దినముననే నేలలో నాటి, వానలు పడుచున్నను ఉత్సాహముకొలది చెంబులతో నీరు పోసితిమి. పదునైదు దినములకు మొదళ్ళు కుళ్ళి, చేతితో ముట్టగానే ఊడివచ్చినవి. టెలిఫోనులో చెప్పగా మా పిల్ల నవ్వి యిట్లనెను: "పెద్దమ్మా! బాపట్ల ఇసుకనేల నీటిని నిలువనీయదు. తెనాలి నల్లమట్టి పట్టిన నీటిని విడువదు. ఈ జాతికి కాళ్ళు తడిసియుండుట గిట్టదు. నీరు లేక కొన్నాళ్ళు బ్రతుకును గాని, నిలువనీటిలో నొక్క వారము బ్రతుకదు." నిలువనీటిని గూర్చి యామె చెప్పిన యా మాటను మొక్క వేళ్ళకు మాత్రమే వర్తింపజేసికొంటిమి. ఇంటికంతటికి వర్తింపజేసికొన్నచో నెంత బాగుండెడిదో తరువాత తెలిసినది.

మిగిలిన రెండు కొమ్మలను ఆమె చెప్పినట్లు అయిదు దినములు నీడలో నుంచితిమి. కోసినచోట గాయము ఎండి గట్టిపడినది. గోడప్రక్కను జానెడు ఎత్తున కట్టవేసి, మట్టి యొకపాలు, ఇసుక యొకపాలు, చివికిన పశువుల యెరువు ఒకపాలు కలిపి నింపితిమి. నడుమ ఏడడుగుల సిమెంటు స్తంభమును రెండడుగులు లోపలికి దిగునట్లు పాతించితిమి. కొమ్మలను దానికి రెండు ప్రక్కల నాటి గుడ్డపేలికలతో వదులుగా కట్టితిమి. ప్రక్కనుండి వచ్చు పిలకలను ఎప్పటికప్పుడు గిల్లివేసి, ఒక్క కాడను మాత్రమే స్తంభము కొనవఱకు పోనీయవలెను. కొనకు చేరిన పిదప దాని తల త్రుంచినచో నాలుగైదు కొమ్మలు పుట్టి, గొడుగువలె చుట్టును వ్రేలాడును. వ్రేలాడు కొమ్మలకే పూత పట్టును.

ఆ కొమ్మలు ఆనుకొనుటకు స్తంభము కొనను ఏదైన చట్రము కావలెను. చాలమంది పాత టైరును వాడుదురు. మా వారును మోటారు సైకిళ్ళు బాగుచేయు దుకాణమునుండి యొక పాత టైరు తెచ్చి, స్తంభము తలలో దూర్చిన రెండు ఇనుప చువ్వలమీద పళ్ళెమువలె పరుండబెట్టిరి. ఖర్చు లేదు, చూపునకును బాగుగనే యుండెను. ఈ టైరును మీరు జ్ఞాపకముంచుకొనుడు.

తరువాతి కష్టము మన యెండలు. మెక్సికో మొక్కయైనను, అడవిచెట్ల నీడకు అలవాటుపడినది గనుక, వైశాఖ జ్యేష్ఠములలో మన సూర్యుని యెదుట పచ్చదనము కోల్పోయి పసుపుపచ్చ నగును. మేము మామగారి పాత పంచెను నాలుగు వెదుళ్ళకు కట్టి పందిరి వేసితిమి. ఎండకాలమున నాలుగైదు దినముల కొకమాఱు కొద్దిగా నీరు చాలును. ఇంతకుమించి దీనికి చేయవలసిన చాకిరి లేదు.

2021వ సంవత్సరము ఆషాఢమాసమున మొదటి మొగ్గ కనబడినది. మూడు వారములలో నది అరచేతికంటె పొడవైనది. ఒకనాటి సాయంకాలము రేకుల కొనలు వదులగుచుండుట చూచి, ఆ రాత్రి యింటిల్లిపాదియు పెరటిలో చాపలు పఱచుకొని కూర్చుంటిమి. ఎనిమిది గంటలు దాటిన పిదప పూవు విచ్చుట మొదలిడినది. తొమ్మిదిన్నరకు జానెడు వెడల్పున తెల్లని రేకులు విప్పుకొని, నడుమ పసుపు కేసరములతో మెఱసినది. మన యిండ్లలో బ్రహ్మకమలమని పెంచుకొను మొక్కయు ఈ కుటుంబములోనిదే. అదియు రాత్రియే విచ్చును. తెల్లవాఱునప్పటికి రెండును ముడుచుకొనిపోవును. ముండ్ల మొక్క వద్దన్న మా అత్తగారు దీపము తెచ్చి ఆ పూవును ఎంతోసేపు చూచి, "దీని కడుపున నింత చల్లదన మున్నదా!" అని కుంకుమ పెట్టిరి.

ఇక్కడ నొక మెలకువ చెప్పవలెను. పుట్టినచోట ఈ పూవులకు రాత్రివేళ తిరుగు పెద్దరెక్కల పురుగులును, గబ్బిలములును పుప్పొడి మోయును. మా పిల్ల తెచ్చినది తెల్లగుజ్జు రకము; అది తన పుప్పొడితోనే పిందె కట్టినది. తరువాత కడియపు మొక్కల బండివానియొద్ద ఎఱ్ఱగుజ్జు రకము నొకదానిని కొని, రెండవ స్తంభము పాతి, దానికిని అట్లే యొక టైరు పెట్టితిమి. ఆ యెఱ్ఱ రకము పూచినదిగాని పిందెలన్నియు రాలిపోయినవి. కొన్ని ఎఱ్ఱ రకములకు వేఱొక మొక్క పుప్పొడి కావలెనట. ఆపై రాత్రి పదిగంటలకు మెత్తని కుంచెతో తెల్లదాని పుప్పొడిని తీసి ఎఱ్ఱదాని కీలాగ్రమునకు అద్దగా పిందెలు నిలిచినవి. పూవు విచ్చిన ముప్పది, ముప్పదియైదు దినములకు కాయ ఎఱ్ఱబాఱును. రంగు తిరిగిన నాలుగైదు దినములకు కోయవలెను. మామిడివలె దీనిని ముందుగా కోసి గడ్డిలో మాగవేయుటకు వీలులేదు. కోసిన పిదప నిది తియ్యబడదు. ఆ సంవత్సరము అయిదు పండ్లు మాత్రము వచ్చినవి. 2022లో రెండు స్తంభములకును కలిపి ముప్పదికి పైగా వచ్చినవి.

పండు రుచిని గూర్చి పొగడ్తలు విని మొదటిమాఱు తినువారు కొంచెము నిరాశపడుదురు. మన మామిడి, సీతాఫలముల తీపి దీనికి లేదు. నీరు మెండు, తీపి మందము, నువ్వులవంటి నల్లని గింజలు పంటికింద చిటపటలాడును. కావున దీనికి తోడు కావలెను. ముక్కలమీద నిమ్మరసము, చిటికెడు ఉప్పు, మిరియాలపొడి చల్లినచో రుచి లేచును. గుజ్జును గడ్డపెరుగుతో చిలికి, కొంచెము బెల్లము వేసి చల్లగా నిచ్చినచో పిల్లలు గ్లాసు విడువరు. జాము చేయదలచినవారు కిలో గుజ్జునకు ముప్పాతిక కిలో పంచదార, రెండు నిమ్మకాయల రసము చేర్చి, సన్నని సెగను గరిటెకు అంటువఱకు ఉడికింపవలెను. ఎఱ్ఱగుజ్జు రంగు బీటుదుంప రంగువంటిదే. ఎక్కువ సెగకు వెలిసిపోవును. కావున రవ్వకేసరికి రంగుగా వాడదలచినవారు పొయ్యి దించి, చల్లాఱిన పిదపనే కలుపవలెను. చీనా, వియత్నాము దేశములలో పూవులను చారులో వేసికొందురు. మేమును పూచిన మఱునాడు, క్రింది పిందె కదలకుండ, వాడిన రేకులను మాత్రము కోసి, శనగపిండిలో ముంచి బజ్జీలు వేసితిమి. పెసరపప్పుతో కూరయు వండితిమి. బెండకాయవలె కొంచెము జిగురు, వాసన లేదు. ఎఱ్ఱపండు తినిన మఱునాడు మూత్రమునకును, మలమునకును ఎఱుపు రావచ్చును. అది రంగు మాత్రమే; భయము లేదు. మధుమేహము గలవారు దీనిని కూడ తక్కిన పండ్లవలెనే లెక్కలో వేసికొని మితముగా తినవలెను.

ఇంతవఱకు తీపి. ఇక చేదు.

వానకాలము వచ్చి జ్వరములు మొదలుకాగానే మన యంగళ్ళలో ఈ పండు ధర ఎక్కిపోవుట మీరందఱు చూచియే యుందురు. "డెంగ్యూ జ్వరమునకు డ్రాగను పండు మందు, ప్లేట్‌లెట్లు పెరుగును" అని పండ్లబండి వారు చెప్పుదురు, చేతి ఫోనులలో సందేశములు తిరుగును. మేమును ఆ మాటను ఎన్నడును విచారింపలేదు. పైగా మా పెరటిలోనే ఆ మందు కాయుచున్నదని గర్వించితిమి. వీధిలో నెవరికి జ్వరమని విన్నను రెండు పండ్లు పళ్ళెములో పెట్టి పంపి, "తినిపింపుడు, కణములు పెరుగును" అని చెప్పి పంపెడివారము. అందులో దానము చేసిన తృప్తియు నుండెను. ఆ విధముగా నెన్ని యిండ్లకు ఆ మాటను మోసితిమో!

2022వ సంవత్సరము దసరా సెలవులకు మా ఆడబిడ్డ తన తొమ్మిదేండ్ల కుమారునితో రేపల్లెనుండి వచ్చినది. ఆ దినములలో వానలు మెండు. వాన వెలియగానే వాడు నిక్కరుతో పెరటిలోనికి పరుగెత్తి, డ్రాగను స్తంభముల క్రింద బొమ్మకార్లతో సాయంకాలమువఱకు ఆడెడివాడు. పండుగ కాగానే వారు రేపల్లె వెళ్ళిరి. వారము తిరుగకుండ ఆడబిడ్డ ఫోనుచేసి, "వదినా! పిల్లవాడికి ఒళ్ళు పెనమువలె కాలుచున్నది. రక్తపరీక్షలో డెంగ్యూ అని తేలినది. నీ పెరటి పండ్లు కొన్ని తెచ్చెదవా?" అని యేడ్చినది.

మఱునాటి యుదయమే మేము ఆరు ఎఱ్ఱపండ్లు బుట్టలో పెట్టుకొని రేపల్లె రైలు ఎక్కితిమి. అక్కడి వైద్యుడు జ్వరమునకు పారాసిటమాలు మాత్రము ఇచ్చి, ద్రవములు ఎక్కువగా త్రాగించుమనియు, వాంతులు గాని, కడుపునొప్పి గాని కనబడినచో వెంటనే తీసికొని రమ్మనియు చెప్పియుండెను. మేము పూటకొక పండు చొప్పున తినిపించితిమి. అయిదవ దినమున జ్వరము దిగినది. ఇంటిలో పండుగయైనది. "చూచితివా వదినా, నీ పండు మహిమ!" అని ఆడబిడ్డ మా చేతులు పట్టుకొన్నది. మేము కాదనలేదు.

ఆ మధ్యాహ్నము పిల్లవాడు కడుపు పట్టుకొని ముడుచుకొని పడుకొన్నాడు. పలుకరించిన పలుకడు. ఒక వాంతి యైనది. అందు ఎఱుపు కనబడినది. ఆడబిడ్డ బెదరిపోగా, "భయపడకుము, అది పండు రంగు" అని మేమే చెప్పితిమి. రెండవ వాంతి యైనది. అదియు ఎఱుపే. అప్పుడును అదే మాట చెప్పితిమి. ఆ సమయమున ఆ వీధి ఆశా కార్యకర్త జ్వరపు లెక్కలు వ్రాసికొనుటకు వచ్చినది. పిల్లవాని చేయి పట్టి చూచి, "అమ్మా! చేతులు చల్లబడుచున్నవి. జ్వరము తగ్గినదని సంతోషింపరాదు. ఈ జబ్బున జ్వరము తగ్గిన రెండు దినములే ప్రమాదము. ఆ యెఱుపు పండుదో, రక్తమో ఇంటిలో కూర్చుండి తేల్చుటకు వీలులేదు. వెంటనే బయలుదేరుడు" అనినది.

బాడుగ కారులో తెనాలి వచ్చునంతసేపు పిల్లవాని తల మా ఒడిలో నుండెను. కాలువగట్లు, వరిచేలు కనులముందునుండి పోవుచుండెను గాని మాకేమియు కనబడలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ వెంటనే సెలైను పెట్టించి, రక్తము తీయించినది. ఆరోగ్యవంతునకు ఒక మైక్రోలీటరు రక్తమున 1,50,000 మొదలు 4,50,000 వఱకు ఉండవలసిన ప్లేట్‌లెట్లు పిల్లవానికి 42,000 ఉన్నవి. ఆరు పండ్లును అంతకుముందే తినిపించియుంటిమి.

"ఏమి తినిపించితిరి?" అని డాక్టరమ్మ యడిగినది. చెప్పితిమి. ఆమె కోపపడలేదు. కోపపడియున్నచో మాకు కొంత ఊరటగా నుండెడిది. శాంతముగా నిట్లు చెప్పినది: "ఈ వ్యాధిలో ప్లేట్‌లెట్లు కొన్నాళ్ళు తగ్గి, తరువాత వానియంతట అవియే పెరుగును. అవి పెరుగు దినములలో ఒక యింట డ్రాగను పండు తినిపింతురు, వేఱొక యింట వేఱొకటి తినిపింతురు. తినిపించినదానికెల్ల పేరు వచ్చును. పండు వలన నష్టము లేదు. నీరు, కొంత బలము చేరును. కాని అది మందు కాదు. మఱియు ఈ జ్వరములో ఎఱ్ఱని పదార్థములు పెట్టకుండుట మంచిది. పెట్టినచో రక్తస్రావమును మీరును గుర్తింపలేరు, మేమును గుర్తింపలేము. పిల్లవాని అసలు ప్రమాదము ఆ అంకెలో లేదు; రక్తనాళములనుండి నీరు బయటికి పోవుటలో నున్నది. అందుకే చేతులు చల్లబడినవి. ఇంకొక పూట ఆలసించియున్నచో..." అని యాపినది. ఆ వాక్యమును ఆమె పూర్తి చేయలేదు. మేమును అడుగలేదు.

మూడు రాత్రులు ఆసుపత్రి వసారాలో గడిపితిమి. నాలుగవనాడు పిల్లవాడు ఇడ్డెన అడిగినాడు. ఆ యిడ్డెన తెచ్చుటకు మా వారు పరుగెత్తిన పరుగు ఇప్పటికిని మఱువలేము.

పిల్లవానిని కొన్నాళ్ళు మా యింటనే యుంచుకొంటిమి. డెంగ్యూ రోగి యున్న యిల్లు గనుక వార్డు ఆరోగ్యశాఖనుండి యొక అమ్మాయి దీపము, తెల్లని ప్లాస్టికు గరిటె పట్టుకొని వచ్చినది. కుండీల పళ్ళెములు చూచినది. పనిలేక మూలబడిన రుబ్బురోలు గుంట చూచినది. పక్షులకై పెట్టిన మూకుడు చూచినది. చివరకు డ్రాగను స్తంభమువద్ద నిలిచి, స్టూలు అడిగి తెప్పించుకొని ఎక్కినది. టైరు లోపలి అంచులోనికి గరిటె దించి పైకి తీసి మాకు చూపినది. తేటనీటిలో దారపు తునకలవంటి పురుగులు మెలికలు తిరుగుచు పైకి క్రిందికి ఈదుచుండెను.

"ఇవి డెంగ్యూను మోయు ఏడిస్ దోమ పిల్లలమ్మా. మురుగునీటిలో కాదు, ఇట్టి తేటనీటిలోనే ఇవి పెరుగును. గుడ్డునుండి దోమ యగుటకు వారము, పది దినములు చాలును. ఈ దోమ రాత్రికంటె పగలే ఎక్కువగా కుట్టును" అని చెప్పి, నీరు పాఱబోసినది.

సోదరీమణులారా, ఆ క్షణమున మా మనస్సు ఎట్లుండెనో మీరే ఊహించుకొనుడు. పిల్లవాడు రోజంతయు ఆడినది ఆ టైరు క్రిందనే. వానిని కుట్టిన దోమ మా పెరటిదో, రేపల్లెదో, రైలుపెట్టెలోనిదో చెప్పగలవా రెవ్వరును లేరు. కాని డెంగ్యూకు మందని మేము పండించిన చెట్టు తలమీదనే డెంగ్యూ దోమను పెంచితిమనుట మాత్రము కంటితో చూచిన సత్యము. మొక్క వేళ్ళదగ్గఱ నీరు నిలువరాదని కట్ట వేసిన మేము, దాని తలమీద నీరు నిలిచిన సంగతి రెండేండ్లు చూడలేదు!

ఆ సాయంకాలము మేము కత్తిపీట తీసికొని పెరటిలోనికి పోయితిమి. రెండు చెట్లను మొదలంట నఱికివేయుటకు నిశ్చయించుకొంటిమి. మా అత్తగారు అడ్డము వచ్చిరి. ముండ్ల మొక్క వద్దన్నది ఆమెయే. ఆనాడు దానిని కాచినదియు ఆమెయే. "చెట్టు చేసిన పాపమేమి, అమ్మాయీ? అది పూచినది, కాచినది. మందని పేరు పెట్టినది మనము. టైరులో నీరు నిలువనిచ్చినది మనము. కత్తి దాచి, చీపురు పట్టుకొనుము" అనిరి.

మేము చీపురు పట్టుకొంటిమి. టైర్లను దింపి, వాని క్రిందిభాగమున వ్రేలు దూరునంతటి రంధ్రములు ఆరేసి వేయించి, మరల పెట్టితిమి. ఇప్పుడు నీరు పోసినను నిలువదు. క్రొత్తగా స్తంభము పాతువారు టైరు మాని, ఇనుప చట్రము పెట్టించుకొనుట ఇంకను మేలు. రుబ్బురోలు గుంటను ఇసుకతో నింపితిమి. ప్రతి శుక్రవారము నీటితొట్లు, కూలరు, కుండీల పళ్ళెములు, పక్షుల మూకుడు ఖాళీచేసి, పీచుతో తోమి ఎండబెట్టుచున్నాము. తోముట ముఖ్యము; ఈ దోమ గుడ్లు తొట్టి గోడకు అంటుకొని, నీరు లేకున్నను నెలల తరబడి చావక, మరల నీరు తగులగానే పిల్లలగును. కొబ్బరిచిప్పలను పెరటిలో పడవేయుట మానితిమి.

తరువాత ఇంకొక పని చేసితిమి. అది టైరుకు రంధ్రములు వేయుటకంటె కష్టమైనది. ఇదివఱకు మేము పండ్లు పంపిన ఇండ్లకు పోయి, "మేము చెప్పినది తప్పు, ఇది మందు కాదు" అని చెప్పి వచ్చితిమి. కొందఱు నవ్విరి. కొందఱు, "మా వానికి మీ పండు తినియే తగ్గినది" అని వాదించిరి. ఒక యిల్లాలు మాత్రము లోపలికి పిలిచి, తన కూతురు మూడు దినములనుండి జ్వరముతో నున్నదనియు, పండ్లు తెప్పించుచున్నామనియు చెప్పినది. ఆ సాయంకాలమే రక్తపరీక్షకు తీసికొనిపోవునట్లు చేసితిమి. ఆ ఒక్క యింటికొఱకైనను మా సిగ్గు సార్థకమైనదని తలచుచున్నాము.

కావున మీరీ మొక్కను తప్పక పెంచుడు. నీరు నిలువని మట్టి, ఒక స్తంభము, ఎండకాలమున కొంచెము నీడ, పూచిన రాత్రి ఒక కుంచె. ఇంతకంటె ఇది యడుగునది లేదు. పండును పండుగా తినుడు, పెట్టుడు. కాని యింటిలో ఎవరికైనను జ్వరము వచ్చినచో పండును ముందు పెట్టుకొని కూర్చుండకుడు. వైద్యుని చూపుడు. వైద్యుడు చెప్పనిదే ఆస్పిరిను, ఐబూప్రొఫెను వంటి మాత్రలు ఇయ్యకుడు. నీళ్ళు, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు త్రాగించుడు. జ్వరము దిగిన తరువాతి రెండు దినములు ఇంకను మెలకువగా నుండుడు. విడువని కడుపునొప్పి, మాటిమాటికి వాంతి, చిగుళ్ళనుండి గాని ముక్కునుండి గాని రక్తము, మగత, చేతులు కాళ్ళు చల్లబడుట, మూత్రము తగ్గుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను రాత్రియని చూడక ఆసుపత్రికి పోవలెను.

మేమిప్పటికిని ఇరుగుపొరుగునకు పండ్లు పంపుచునే యున్నాము. పళ్ళెముతోపాటు పంపు మాట మాత్రము మాఱినది: "కొంచెము నిమ్మరసము పిండుకొని తినుడు, మీ పెరటిలో నీరు నిలిచియున్నదేమో చూచుకొనుడు."

ప్రతి దసరాకు పిల్లవాడు రేపల్లెనుండి వచ్చుచున్నాడు. వచ్చినవాడు కాళ్ళు కడుగుకొనకముందే పెరటిలోనికి పోయి, స్టూలు ఎక్కి, రెండు టైర్లలోను చేయి పెట్టి చూచును. తరువాత చేయి తుడుచుకొని, "ఎండియున్నదత్తయ్యా, ఇక పండు కోయవచ్చును" అని కేక వేయును.